ఐపీ పెడితే కట్టుబట్టలే మిగులుతాయన్నది అబద్ధం

కొన్నాళ్లుగా ఐపీ (కోర్టులో వేసే దివాలా పిటిషన్) గురించి ఒక వాట్సాప్ సందేశం ఫోన్లలో తిరుగుతోంది. "ఐపీ పెట్టిన రోజే ఇల్లు పోతుంది, ఉద్యోగం పోతుంది, జైలు తప్పదు. కాబట్టి ముందే ఇల్లు భార్య పేరున రాసేసి, ఆ తర్వాతే కోర్టుకు వెళ్లండి" అన్నది దాని సారాంశం. అది చదివిన ఒక దర్జీ మొన్న మా ఆఫీసుకు వచ్చారు. వడ్డీతో కలిపి ఆరు లక్షల అప్పు. చేతిసంచిలో దానపట్టా ముసాయిదా కూడా ఉంది. కూర్చోగానే ఆయన అడిగిన మొదటి మాట: "కుట్టుమిషను కూడా పట్టుకుపోతారాండీ?"

పట్టుకుపోరు. మన రెండు రాష్ట్రాల్లో మామూలు మనిషి పెట్టే ఐపీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందికే వస్తుంది. 2016 దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారి వరకే 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు చేయకూడదన్న వాటిని ఈ పాత చట్టం దివాలాదారు ఆస్తిగా లెక్కించదు. చేతివృత్తివారి పనిముట్లు, రైతు పశువులు, విత్తనాలు, వంటపాత్రలు, పడకలు, ఆడవారి మెడలో మంగళసూత్రం, అన్నీ ఆ జాబితాలోవే.

ఇక ఇల్లు. పిటిషన్ వేసినంత మాత్రాన ఎవరూ వచ్చి తాళం వేయరు. కోర్టు దివాలాదారుగా ప్రకటించినప్పుడే ఆస్తి కోర్టుకో, ఆ ఆస్తిని చూసేందుకు కోర్టు నియమించే రిసీవరుకో దఖలు పడుతుంది. అయితే ఆ ఉత్తర్వు పిటిషన్ వేసిన తేదీ నుంచే వర్తిస్తుంది. రైతు, కూలీ, ఇంటిపనివారు తాము కాపురముంటున్న సొంత ఇంటికి మినహాయింపు ఉంది. మిగతావారి ఇల్లు అమ్మి అప్పులవాళ్లకు పంచే అవకాశం ఉన్నమాట నిజమే, దాన్ని నేను దాచను. తాకట్టులో ఉన్న ఇంటి సంగతి వేరు. ఐపీ పెట్టినా పెట్టకపోయినా బ్యాంకు హక్కు చెక్కుచెదరదు. సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, గడువులోగా బాకీ తీరకపోతే స్వాధీనానికి రావచ్చు. అలా పోయిన ఇంటిని ఐపీ ఖాతాలో వేయడం అన్యాయం.

ఉద్యోగం పోతుందన్న భయమే జనాన్ని ఎక్కువగా కుంగదీస్తోంది. ప్రైవేటు కొలువును దానంతటదే రద్దు చేసే సాధారణ చట్టమేదీ లేదు. అప్పు కట్టమని కోర్టు ఇచ్చిన డిక్రీ కింద జీతం జప్తు చేసినా మొదటి 1,000 రూపాయలను, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులను ముట్టుకోకూడదు. అంటే 31,000 జీతంలో 21,000 ఇంటికి చేరాల్సిందే. ప్రావిడెంట్ ఫండుకూ రక్షణ ఉంది. కేంద్ర ప్రభుత్వోద్యోగి మీద దివాలా పిటిషన్ పడితే వెంటనే పైవారికి తెలియజేయాలి. ముందుగా ఊహించలేని కష్టం వల్లే ఈ గతి పట్టిందని రుజువు చేసుకునే బాధ్యత కూడా ఆయనదే. నిజంగా గండం ఉన్నది బ్యాంకు ఉద్యోగికి. ఎప్పుడైనా దివాలాదారుగా ప్రకటితుడైన వ్యక్తిని బ్యాంకు పనిలో ఉంచుకోకూడదని బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. దివాలాదారు కోర్టు నుంచి ఆ అప్పుల విముక్తి పొందేదాకా కంపెనీ డైరెక్టరుగా నియమితులు కాలేరు, శాసనసభ్యులుగానూ ఉండలేరు. ఈ కొన్ని కొలువుల సంగతిని అందరి నెత్తినా రుద్దడం దారుణం.

జైలు మాట కూడా తలకిందులుగా చెబుతున్నారు. దివాలాదారుగా ప్రకటించాక, అప్పు కోసం అరెస్టు చేయకుండా 1920 చట్టం 31వ సెక్షన్ కింద కోర్టును రక్షణ కోరవచ్చు. చెక్కు బౌన్స్ కేసు మాత్రం ఐపీతో దానంతటదే పోదు. మోసంతో చేసిన అప్పు, ప్రభుత్వ బకాయి, భరణం విముక్తి వచ్చాకా మీదే ఉంటాయి. హామీ సంతకం పెట్టినవారికీ విముక్తి లేదు.

అన్నిటికన్నా ప్రమాదం ఆ చివరి సలహా. పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు ఇలా ఊరికే రాసిచ్చిన ఆస్తిని అదే చట్టం 53వ సెక్షన్ కింద కోర్టు రద్దు చేయగలదు. మూడు నెలల్లోపు బావమరిది బాకీ ఒక్కటే తీర్చి మిగతావారికి చేయి చూపినా అది చెల్లకపోవచ్చు. దురుద్దేశంతో ఆస్తి దాచినట్టు తేలితే ఏడాది దాకా జైలు. లేని జైలును చూపి భయపెట్టి, ఉన్న జైలుకు దారి చూపుతోంది ఆ సందేశం.

దర్జీగారి ఇంటికి మినహాయింపు దక్కుతుందో లేదో తేల్చాల్సింది కోర్టు. ఆ మాట ఆయనతో సూటిగానే చెప్పాను. దానపట్టా మీద ఆయన సంతకం పెట్టలేదు. ఎవరెవరికి ఎంతివ్వాలో, పక్కింటావిడ దగ్గర తీసుకున్న చేబదులుతో సహా, ఒక్కటీ వదలకుండా రాసి తెమ్మని పంపాను.