పారిస్ పాతాళపు వల్లకాటికి పర్లాకిమిడి నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ పారిస్ కాటకూంబ్స్ వారి దివ్య సముఖానికి,

గజపతి జిల్లా పర్లాకిమిడి వాస్తవ్యుడనైన నేను, సొంత పెదనాన్నను సాగనంపిన రోజున తప్ప మా ఊరి వల్లకాటివైపు కన్నెత్తి చూసినవాణ్ణి కాను. అటువంటివాణ్ణి తమ దగ్గరికి ముందుగానే టికెట్టు కొనుక్కుని, వరుసలో నిలబడి మరీ వచ్చాను.

తమ పుట్టుపూర్వోత్తరాలు విన్నాక గౌరవం ఇనుమడించింది. మేడలు కట్టుకోవడానికి ఊరికిందనున్న సున్నపురాయిని శతాబ్దాలపాటు తవ్వుకుపోయి, 1774లో ఒక వీధి ఆ గుల్లలోకి కుంగిపోయాక, 1777లో గనుల తనిఖీకి ఒక శాఖనే పెట్టారట. 1780లో ఇన్నోసెంట్స్ శ్మశానం ఒత్తిడికి పక్కింటి నేలమాళిగ గోడ కూలి, పిలవని చుట్టాలు లోపలికి వచ్చిపడ్డారు. పైన చోటు చాలనివారు, కింద వాడని చోటు! ఏ కరణమైనా ఇట్టే తేల్చే లెక్క ఇది. రాత్రివేళ నల్లగుడ్డ కప్పిన బండ్లలో, మతాచార్యులు ప్రార్థనలు పాడుతూ వెంట నడవగా, ఎముకలు తమ ఇంటికి తరలాయి.

అరవై లక్షలమందిలో ఎవరి పేరూ లేదు గాని, ఏ శ్మశానం నుంచి ఎప్పుడు తెచ్చారో రాతిపలకలు చెబుతున్నాయి. ఇందులో నవ్వడానికి నాకు నోరు రాలేదు. 1936 ఏప్రిల్ 1న మా ఊరూ అంగుళం కదలకుండానే మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒరిస్సాకు బదిలీ అయింది. మాకు కనీసం బండి కూడా కట్టలేదు.

దిగడానికి 131 మెట్లు, ఎక్కడానికి 112. తేడా వచ్చిన 19 మెట్ల సంగతి దయచేసి విచారించగలరు. లోపల పద్నాలుగు డిగ్రీల చలిలో కిలోమీటరున్నర నడక. తొడ ఎముకలను కట్టెల అడితిలోలా పేర్చి మధ్యమధ్య పుర్రెలతో ముగ్గులు తీర్చిన గోడల ముందు అందరూ ఫొటోలు దిగారు. నేనూ దిగాను, నవ్వుతూనే.

బయటికి వచ్చేచోట సంచులు తనిఖీ చేస్తారు. అస్థికలను మూటగట్టి మా మహేంద్రతనయ నదిలో కలిపేదాకా నిద్రపట్టని జాతివాణ్ణి. ఎముకను ఇంటికి పట్టుకుపోదామనుకునేవారూ ఉంటారని అక్కడే తెలిసింది. అయినా వట్టిచేతులతో వెళ్లలేక, దుకాణంలో పుర్రెబొమ్మ ఉన్న తాళాల గుత్తి ఒకటి కొన్నాను.

ఫోనులో ఈ సంగతి విన్న మా అమ్మ, "డబ్బులిచ్చి మరీ మైలపడ్డావేటిరా?" అని, తలస్నానం చేశానని ఒట్టు వేయించుకుంది. నేను ఇల్లు చేరింది పదిరోజుల తరువాతైనా, గుమ్మం బయట బిందెతో నీళ్లు సిద్ధంగా ఉన్నాయి. పెట్టె మీద పసుపునీళ్లు చల్లారు. తమ పుర్రెకు మాత్రం గడప దాటే అనుమతి దొరకలేదు. ప్రస్తుతం అది పెరట్లో కాయలతో విరగకాసిన మునగచెట్టుకు వేలాడుతోంది. దిష్టికి బాగా పనిచేస్తోందని అమ్మ అంటోంది.

ఇట్లు,
టికెట్టు కొని మైలపడిన విధేయుడు