మిషను పళ్ళవారికి మనవి

మహారాజరాజశ్రీ కుట్టుమిషను పళ్ళవారి సముఖానికి, విశాఖపట్నంలో కొండలనూ సముద్రాన్నీ గుడ్డమీద దారంతో చిత్రించి బొంతలు చేసే ఒక మనిషి సవినయంగా చేసుకొనే మనవి.

సూది కింది పలకలోంచి తలలెత్తి గుడ్డను అవతలికి నెట్టే తమను నేను మీట తిప్పి దించివేసినందుకు తమరు అలిగి ఉన్నారని వినికిడి. అలకకు కారణం లేకపోలేదు. 1854లో అమెరికాలో ఆలెన్ విల్సన్ పేటెంటు పొందిన నాలుగు కదలికల పద్ధతి ప్రకారం పైకి లేవడం, గుడ్డను జరపడం, కిందికి దిగడం, మొదటి చోటికి తిరిగి రావడం తప్ప తమరు మరొక ఆలోచన చేసి ఎరుగరు. అంతటి క్రమశిక్షణ గల ఉద్యోగిని ఒక్క మీటతో ఇంటికి పంపడం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. మీట లేని కొన్ని పాత మిషన్లలోనైతే తమపై ఒక మూత బిగించి, కుర్చీ ఉంచి అధికారం మాత్రం తీసివేస్తారు. ఈ పద్ధతి తమకు కొత్త కావచ్చును గాని మన కార్యాలయాలకు కొత్త కాదు.

తమ గొప్పతనాన్ని నేను కాదనడం లేదు. చీరకు ఫాల్, దిండుకు గలీబు, జాకెట్టుకు పక్కకుట్టు తమ చలవే. తమరు దిగిపోయాక గుడ్డను జరిపే బాధ్యతంతా నా చేతుల మీద పడింది: మిషను ఒకే వేగంతో నడుస్తూ ఉండగా చేయి నెమ్మదిస్తే కుట్లు పొట్టివై ఒకేచోట గుట్టపడతాయి, తొందరపడితే పొడవై తేలిపోతాయి. తమ కొలువు నేను జీతం లేకుండా చేస్తున్నానన్న సంగతి తమరు గమనించినట్లు లేదు.

అయినా తమను పిలవకపోవడానికి కారణం సముద్రం. ఆర్కే బీచ్ దగ్గర ఒడ్డున విరిగే నీటిలో ఇసుక కలిసి మట్టిరంగు పులుముకొంటుంది. దాని వెనుక బూడిద కలిసిన ఆకుపచ్చ, ఆ తరువాత గాని ముదురు నీలం రాదు. ఈ రంగుల నడుమ ఎక్కడా గీత లేదు కనుక, ఒక రంగు దారపు కుట్లను పక్క రంగులోకి పొడవూ పొట్టిగా చొప్పించుకొంటూ, గుడ్డను అడ్డంగా, ఏటవాలుగా, అవసరమైతే గుండ్రంగా తిప్పవలసి ఉంటుంది. మ్యాచింగ్ సెంటరులో సముద్రం రంగు దారం అడిగితే ఒక్క నీలం రీలు ఇచ్చి పంపుతారు. అక్కడ కూడా తమ శిష్యులే కూర్చున్నారని నా అనుమానం. డాల్ఫిన్స్ నోస్ కొండకు దగ్గరి వాలున ముదురు ఆకుపచ్చ వేసి, దూరపు కొండలకు వెలిసిన నీలిబూడిద వేస్తే తప్ప ఆ రెండింటి నడుమ గాలి ఉన్నట్లు కనిపించదు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల సంగతి మరీ విడ్డూరం: ఇనుపమన్ను ఎరుపులో వాననీళ్ళు కోసిన గాడులు ఎటు దిగితే దారం అటే దిగాలి, నీడలో కాఫీరంగు, ఎండలో ఇటుకరంగు కలవాలి. సూటిగా అవతలికి తప్ప మరో దిక్కు తెలియని తమరు అక్కడికి వచ్చి ఏమి చేస్తారు?

తమరు నవ్వుకొనే ఘడియలు ఉన్నాయని ఒప్పుకొంటాను. దట్టంగా కుట్టినచోట గుడ్డ ముడుచుకొని చుట్టూ అలలు లేస్తాయి. అడుగున దన్ను గుడ్డ పెట్టి, ఫ్రేములో బిగించి, ఆవిరి ఇస్త్రీ చేసినా అది పూర్తిగా లొంగదు కనుక, పైగుడ్డను ముందే పెద్దదిగా కత్తిరించుకొని చివర కొలతకు కోసుకోవాలి. పైదారం బిగువు ఎక్కువైతే అడుగు కండెలోని బాబిన్ దారం చుక్కలు చుక్కలుగా పైకి తొంగిచూస్తుంది.

ఇంతకన్నా బాధ తమ శిష్యులది. బొంతను గోడకు వేలాడదీయగానే తిరగేసి వెనుకవైపు పరీక్షించేవారు, కుట్లు వంకరగా ఉన్నాయేమని కెరటాన్ని నిలదీసేవారు, సముద్రంలో అస్తమించే సూర్యుణ్ణి కుట్టమనేవారు ఈ ఊళ్ళో చాలామంది. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనుక దిగుతాడని చెబితే, మిషను పాడైందా అని అడుగుతారు.

కావున తమకు ఒక అవకాశం ఇస్తున్నాను. పైగుడ్డ, నడుమ దూది పొర, కింద అస్తరు కలిపి కుట్టడం ముగిశాక నాలుగు అంచులకూ పట్టీ వేయాలి. అది సూటిగానే ఉండాలి. ఆ పనికి మీట పైకి లేపి తమను తాత్కాలిక ప్రాతిపదికన పిలుస్తాను. నాలుగు మూలలూ పూర్తికాగానే కొలువు ముగుస్తుంది, పొడిగింపు ఉండదు. పట్టీ దాటి సముద్రంలోకి ఒక్క కుట్టు జరిగినా విప్పేస్తాను.

ఇట్లు,
తమ చేత అవిధేయురాలిగా నమోదైన ఒక విశాఖవాసి