తుప్పు గారికి, కేరాఫ్ మా గేటు, పెదవాల్తేరు, వైజాగ్

మహారాజశ్రీ తుప్పు గారి దివ్యసముఖమునకు,

నేనిక్కడ క్షేమం. నువ్వక్కడ క్షేమమా అని అడగాల్సిన పన్లేదు, పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం గేటు తీస్తే కిర్ర్‌మని నువ్వే చెప్తావు. మహారాజశ్రీ అని మొదలెట్టా గానీ పదిహేనేళ్ళుగా అద్దె కట్టకుండా మా ఇంట్లో ఉంటున్నవాడితో ఇంకా మర్యాదలేంటి, ఇక నుంచి నువ్వు అనే అంటా, ఏమనుకోకు.

నీ మీద నాకో పెద్ద కంప్లైంట్ ఉంది. సముద్రం పక్కన ఇల్లు కాబట్టి గేటుకి పట్టావు, సరే. కిటికీ గ్రిల్‌కి పట్టావు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కి రెండో ఏడాదికే పట్టావు, స్కూటర్ సైలెన్సరు, బీరువా అడుగు, ఆఖరికి బట్టలారేసే క్లిప్పుల్లో స్ప్రింగుని కూడా వదల్లేదు (దాని మరక నాకున్న ఒకే ఒక్క తెల్ల చొక్కా మీద, జేబు దగ్గర), గ్యాస్ బండ జరిపితే గచ్చు మీద గుండ్రంగా నీ సంతకం. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నువ్వు మాత్రం అడక్కుండానే ఊరంతటికీ వడ్డిస్తావు. అలాంటిది నేను ఒక్క చోటికి, ఒకే ఒక్క చోటికి రమ్మని ఏళ్ళ తరబడి బతిమాలుతుంటే అక్కడికి మాత్రం రావు. నా బల్ల మీదున్న వ్యాగన్ మీదకి.

ఇది బహిరంగ లేఖ కదా, పక్క నుంచి తొంగి చూసేవాళ్ళ కోసం కాస్త చెప్తా. నేను మోడల్ రైళ్ళు చేస్తా. బొమ్మ రైళ్ళు అంటే కోపం వస్తుంది, అయినా అందరూ అదే అంటారు. హెచ్‌ఓ స్కేల్, అంటే అసలు బండిలో 87వ వంతు. ఛత్తీస్‌గఢ్‌లో బైలడిల్లా కొండల్నుంచి కేకే లైన్ మీద, అదే కొత్తవలస–కిరండూల్ లైన్, ఇనుప ఖనిజం మోసుకొచ్చే బాక్స్‌ఎన్ వ్యాగన్ అసలుది 10.7 మీటర్లుంటే నా దగ్గర 12.3 సెంటీమీటర్లు, పక్కన నిలబెట్టిన గ్యాంగ్‌మన్, అదే పట్టాలు బాగుచేసే మనిషి బొమ్మ, నా చిటికెన వేలి గోరుకి కొంచెం పైన. పట్టాల దగ్గర మాత్రం లెక్క తప్పుతుంది, మన బ్రాడ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మిల్లీమీటర్లు కాబట్టి 87తో భాగిస్తే 19 పైన రావాలి, దొరికే ట్రాకేమో 16.5, అది బయటి దేశాల 1435 గేజ్‌కి సరిపోయే కొలత. అందుకని నా వ్యాగన్లన్నీ కాళ్ళు దగ్గరికి పెట్టుకుని బస్సులో ఇరుక్కుని నిలబడ్డట్టుంటాయి. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదులే.

ఆ వ్యాగన్ ప్లాస్టిక్‌ది. అక్కడే వచ్చింది తంటా. డబ్బాలోంచి తీస్తే పెళ్ళికొడుకులా నిగనిగలాడుతూ ఉంటుంది, గోపాలపట్నం వైపు ఎప్పుడైనా గూడ్సు పోతుంటే చూడు, ఏ వ్యాగనైనా అలా ఉంటుందా? దానికి ఎండా వానా దుమ్మూ, అన్నిటికంటే ముఖ్యంగా నువ్వూ పట్టి ఉండాలి కదా. కొత్తదాన్ని అలా పాతదిగా చేయడాన్ని మావాళ్ళు వెదరింగ్ అంటారు, మా ఆవిడ డబ్బులిచ్చి దరిద్రం తెచ్చుకోవడం అంటుంది.

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. నిన్ను నేను కొన్నా. ఆన్‌లైన్‌లో. చిన్న సీసాల్లో పొడి, అందులో మళ్ళీ రెండు రకాలు, కొత్త తుప్పు ఒక సీసా, పాత తుప్పు ఇంకో సీసా, ఏ ఒక్కటీ కిలో నువ్వులనూనె కంటే చవక కాదు. పార్సిల్ విప్పుతుంటే మా ఆవిడ వచ్చి సీసా వెలుతురుకి పెట్టి చూసి "ఏవండీ, ఏంటిది?" అంది. కలర్ అన్నా. "ఏం కలరు?" తుప్పు కలరు అన్నా. ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళి గేటుని చేత్తో తుడిచి, అరచెయ్యి నా మొహం ముందు పెట్టి, ఇది ఎంతకిస్తావు అన్నట్టు చూసింది. ఆరోజు నీ సంగతేమో గానీ నా తుప్పు మాత్రం వదిలింది.

సరే ఫ్రీగా దొరికేదాన్ని వాడదామని కంచరపాలెంలో పాత ఇనుప సామాన్ల కొట్టుకి కూడా వెళ్ళా. అక్కడి పెద్దాయన "ఏటి బాబూ, ఇనుము కొనుక్కునేటోల్ని సూసాను గానీ తుప్పు కావాలని వచ్చినోడివి నువ్వే, ఆ మూల ఊడుసుకుని అట్టుకుపో, డబ్బులొద్దు" అన్నాడు. తెచ్చా, పాత వాయిల్ చీర ముక్కలో జల్లించా, వ్యాగన్ మీద చల్లా. తీరా చూస్తే నీ రేణువు పెద్దది, 87వ వంతు లోకంలో నువ్వు తుప్పులా కాదు, పకోడీ పిండిలా కనపడ్డావు. పైగా ఆ పొడిలో ఇంకా నువ్వు పట్టని అసలు ఇనుప రజను మిగిలుంది, పక్కనే ఉన్న ఇంజను మోటర్లో అయస్కాంతం దాన్ని చటుక్కున లాక్కుంది, బండి గుర్రుమని మూడడుగులు పోయి ఆగింది. ఆ మోటరు విప్పి పట్టకారుతో ఒక్కో రజను తీయడానికి రెండు రాత్రులు పట్టింది. దానికంటే సీసాలో నువ్వే నయం.

అసలు సీసాలో ఉన్నదీ నువ్వే, గేటుకున్నదీ నువ్వే, ఐరన్ ఆక్సైడే కదా. ఇంకా నవ్వొచ్చే సంగతి, నిన్ను ఆపడానికి గేటుకి ముందుగా కొట్టే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌లో ఎరుపు కూడా నువ్వే. దొంగని పట్టుకోవడానికి దొంగ అన్ననే కాపలా పెట్టుకున్నాం. తులసికోటకి పూసే జాజులో నువ్వే. భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు అంత ఎర్రగా ఉండటానికి ఇసుక రేణువుల మీద పొరలా పట్టింది నువ్వే (అక్కడి మట్టి ముట్టుకోకూడదు, రక్షిత ప్రాంతం, మనసులో ఆశ మాత్రం ఉంది). బైలడిల్లా నుంచి 58 సొరంగాలు దాటించి ఘాట్ దింపి ఇంత దూరం మోసుకొచ్చేది కూడా హెమటైటే, అంటే ఇనుము ఇంకా ఇనుము అవ్వకముందు వేసుకున్న నీ వేషమే. అంత కష్టపడి దాంట్లోంచి ఆక్సిజన్ లాగి ఇనుము తీసి గేటు చేసి పెదవాల్తేరులో పెడితే, మళ్ళీ ఉప్పుగాలిలో తడీ ఆక్సిజనూ తాగి పుట్టింటికి పోతానంటుంది. నువ్వు దాని పుట్టిల్లువి. ఆ పుట్టింటివాళ్ళతో మనం ఏం గెలుస్తాం.

ప్లాస్టిక్‌కే పుట్టిల్లు లేదు, అందుకే ఇన్ని పాట్లు. ఉప్పు పద్ధతి అని ఒకటుంది: ముందు తుప్పు రంగు వేసి, తడి చేసి, ఉప్పు చల్లి, అది అంటుకుని ఆరాక పైన అసలు రంగు కొట్టి, తర్వాత ఉప్పు రుద్ది రాల్చేస్తే కింద నుంచి నువ్వు పెచ్చులు పెచ్చులుగా కనిపిస్తావు. చదివితే ఎంత బాగుంది. ఆగస్టులో వైజాగ్‌లో చేశా. ఇక్కడ వానాకాలం ఉప్పు డబ్బాలోనే కన్నీరు పెట్టుకుంటుంది, వ్యాగన్ మీద ఎక్కడ ఆరుతుంది, పొద్దున లేచి చూస్తే చల్లిన ఉప్పంతా ఉప్పునీళ్ళై కిందకి జారి బల్ల మీద చేరింది, ఆ నీళ్ళల్లో నా ఇనుప కత్తెర. కత్తెరకి పట్టావు. వ్యాగన్‌కి పట్టలేదు.

ఒక్కసారి మాత్రం పిలవని పేరంటానికి వచ్చావు. 2017 నుంచి అరకు వెళ్తోందే అద్దాల పెట్టె, విస్టాడోమ్, దాన్ని మాత్రం తళతళలాడేలా ఉంచుదామని తెల్ల ప్రైమర్ కొడుతున్నా. రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌కి గాలినిచ్చే కంప్రెసర్ ట్యాంకు అడుగున నీళ్ళు చేరతాయి, ఈ ఊరి గాలిలో తడి ఎక్కువ కాబట్టి తొందరగా చేరతాయి, వారానికోసారి అడుగు నట్టు తిప్పి వదిలెయ్యాలి, నేను వదల్లేదు. తెల్లగా వస్తోంది, వస్తోంది, ఉన్నట్టుండి తుపుక్కుమని గోధుమరంగు చుక్క. పక్కన ఇంకోటి. అద్దాల కింద సరిగ్గా మధ్యలో, పాన్ నమిలినోడు కిటికీలోంచి ఉమ్మినట్టు. రైల్వే రియలిజం అంటే అదేనని ఒక ఫ్రెండ్ మెచ్చుకున్నాడు, వాడితో మాట్లాడటం మానేశా.

నా మొదటి వ్యాగన్ గురించి కూడా ఒప్పుకోవాలి. ఆవేశంలో మొత్తం నారింజరంగు పులిమేశా, ఆంజనేయస్వామికి సింధూరం పూసినట్టు. తప్పు ఎక్కడుందో తెలీక నెల రోజులు కొట్టుకుని, చివరికి ఒక స్టూలు వేసుకుని గేటు ముందు కూర్చున్నా. వీధిలో వాళ్ళు ఇంట్లోంచి గెంటేశారేమో అనుకున్నారు. అప్పుడు చూశా నిన్ను సరిగ్గా. నువ్వు ఎక్కడ పడితే అక్కడికి రావు, పిచ్చోడివి కాదు. వెల్డింగ్ అతుకు దగ్గర మొదలెడతావు, అడ్డపట్టీ నిలువు కమ్మీని కలిసే మూలలో నీళ్ళు నిలిచే చోట చేరతావు, అంచుల మీద పెయింట్ పల్చగా ఉంటుంది కాబట్టి అక్కడ కొరుకుతావు. బయటపడే ముందు పెయింట్ కింద చిన్న బొబ్బలా లేస్తావు, గోటితో నొక్కితే టప్‌మని పగులుతుంది. పాతబడ్డ మధ్యభాగం దాదాపు నలుపు, చుట్టూ ముదురు గోధుమ, నారింజ అనేది ఈ వారం పట్టిన అంచు మాత్రమే, వెంట్రుకంత. అదీ నా పొరపాటు. వ్యాగన్ మీద ఒక మిల్లీమీటరు అంటే అసలు దాని మీద 8.7 సెంటీమీటర్లు, కాబట్టి బ్రష్ కాదు, సూదిమొన కావాలి, ఎక్కడ ఆపాలో తెలియాలి, అది తెలీనోళ్ళే ఎక్కువ, నాతో కలిపి.

అప్పట్నుంచి నీ వెంట తిరుగుతున్నా. 2020 అక్టోబర్లో వాయుగుండం తోసుకొచ్చి ఎంవీ మా అనే బంగ్లాదేశ్ సరుకు ఓడని తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డున కూర్చోబెట్టింది గుర్తుందా, ఊరంతా దానితో సెల్ఫీలు దిగుతుంటే నేను జూమ్ చేసి లంగరు గొలుసు బయటికొచ్చే కన్నం కింద నీ చారలు ఫొటోలు తీసుకున్నా, పైన వెడల్పుగా మొదలై కిందకి పోనుపోను సన్నగా, తాంబూలం కారిన గడ్డంలా. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌కి వెళ్ళినా అంతే, 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైన దాన్ని అందరూ లోపల టార్పిడోలు చూస్తుంటే నేను బయట అతుకుల పక్కన రంగు ఎక్కడ ఉబ్బిందా అని వెతుకుతా. గార్డు రెండుసార్లు వచ్చి ఏం పోగొట్టుకున్నారు సార్ అని అడిగాడు.

బిల్డింగుల సంగతికొస్తే అక్కడ నువ్వు మరీ గడుసు, కనపడకుండా పని చేస్తావు. ఘాట్ మీద చిన్న స్టేషన్ ఒకటి కట్టా, ఫోమ్ బోర్డు గోడలు, బెంగుళూరు పెంకులు, సన్‌షేడ్. ఇనుము నువ్వుగా మారితే ఒళ్ళు పెరుగుతుంది కాబట్టి శ్లాబులో కడ్డీ ఉబ్బి సిమెంటుని తోసేస్తుంది, పెచ్చు ఊడుతుంది, కడ్డీ బయటపడుతుంది. అదే సన్‌షేడ్ కింద చూపిద్దామని సన్న రాగి తీగ పెట్టి రంగు వేస్తుంటే, సరిగ్గా అప్పుడే మా బాత్రూమ్‌లో ధబ్ అని శబ్దం. సీలింగ్ పెచ్చు. పరిగెత్తుకెళ్ళి ఆ ముక్క చేతిలోకి తీసుకుని కడ్డీ అచ్చు పడిన చోట నీ రంగు ఎలా ఉందో కిటికీ దగ్గర తిప్పి చూస్తున్నా, వెనక మా ఆవిడ నిలబడి ఉంది. నెత్తి మీద పడలేదు కదా అని అడగాల్సింది ముందు. అడగలేదు. ఆ రాత్రి ఉప్మా.

ఇక అసలు మోసం వినుకో. మొన్న ఆ వ్యాగన్ బరువు తగ్గి పట్టాలు తప్పుతోందని విప్పా. ప్లాస్టిక్ బండి నిలకడగా పోవాలని అడుగున లోపల ఒక స్టీలు రేకు పెడతారు, బయటికి కనపడదు. తీసి చూద్దును కదా, నువ్వే! మధ్యలో నలుపు, చుట్టూ గోధుమ, అంచున వెంట్రుకంత నారింజ, మూడేళ్ళుగా సూదితో నేను తెద్దామనుకుంటున్నదంతా అక్కడ, ఎవరూ చూడని చోట, ఫ్రీగా. ఇరుసు మొనలకి కూడా పట్టావు, అందుకే చక్రం తిరగట్లేదు. లోపల రేకు మీద ఒక అట్టముక్క మూసి మళ్ళీ బిగించేశా, కడగబుద్ధి కాలేదు.

చివరిగా ఒక రిక్వెస్ట్. గేటుకి పెయింట్ వేస్తానని మా ఆవిడకి ఈ ఆదివారానికి మాటిచ్చా, ఎమరీ పేపరు, ప్రైమరు అన్నీ తనే కొని తెచ్చి గేటు పక్కనే పెట్టింది, ఈసారి తప్పించుకోలేను. మొత్తం గీకేస్తా, నొచ్చుకోకు. కానీ కింద నుంచి రెండో అడ్డపట్టీ, ఎడమ పక్క, లోపలి వైపు ఒక మూడంగుళాలు వదిలేస్తా, ఆ షేడు నాకింకా కుదర్లేదు. ఎవరైనా అడిగితే అక్కడికి బ్రష్ అందలేదని చెప్తా. నువ్వు కూడా అదే చెప్పు, రంగు కిందకి మాత్రం పాక్కు.

ఇట్లు,
నీ పాత కస్టమర్