సవరణ: జీపీ లెటర్ అక్కర్లేదు

ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ళ కోసం ఇంటికి ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడానికి ఇంట్లో ఏ మార్పులు కావాలో చూసేవాళ్ళు) రావాలంటే ముందు జీపీ (ఫ్యామిలీ డాక్టరు) లెటర్ ఉండాలని పోయిన పోస్టులో ఉంది, అది సరికాదు. మీ ఊరి కౌన్సిల్‌లో అడల్ట్ సోషల్ కేర్ (పెద్దల సంరక్షణ విభాగం) వాళ్ళకి మీరే ఫోన్ చేసి అడగొచ్చు. వచ్చినవాళ్ళు మీ అమ్మగారిని కుర్చీలోంచి లేచి చూపించమంటారు, మోకాలి వెనక నుంచి మడమ దాకా టేపు పెట్టి కుర్చీ ఎత్తు సరిపోతుందో లేదో చూస్తారు, మెట్లెక్కేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆనిస్తున్నారో గమనిస్తారు, కాబట్టి ఆ రోజు ప్రత్యేకంగా ఇల్లు సర్దెయ్యకండి, ఆవిడ బదులు మీరు జవాబులు చెప్పకండి (మన ఇళ్ళలో ఇదే ఎక్కువ). డబ్బు గురించి కూడా స్పష్టంగా చెప్పాలి. గోడకి బిగించే కడ్డీల్లాంటి 1,000 పౌండ్ల లోపు మార్పులు, అవసరమని తేలితే, ఉచితమే. ఆదాయం, పొదుపు చూసేది బాత్రూమ్ మార్చడం లాంటి పెద్ద పనులకి 30,000 పౌండ్ల దాకా ఇచ్చే డిజేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంటుకి.