సవరణ: టైరు మీద 120/116 అంటే ముందు, వెనుక కాదు

పికప్‌లకు ఆల్-టెర్రైన్ టైర్ల గురించి పోయినసారి రాసిన దాంట్లో, టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే 120/116 అనే సూచికలో మొదటి అంకె ముందు టైర్లకు, రెండోది వెనుక టైర్లకు అని పడింది. అది తప్పు. టైరు ఒంటరిగా ఉంటే 120, అంటే 1400 కిలోలు. వెనుక జోడు టైర్లుంటే 116, ఒక్కోదానికి 1250 కిలోలు. జోడులో ఒకటి గాలి తగ్గితే పక్కదాని మీద బరువు పడుతుంది, లోపలిది త్వరగా చల్లారదు. అందుకే ఆ తగ్గింపు.

దేవరకొండ వైపు బత్తాయి లోడు మోసే పికప్‌కు వెనుక ఒక్కో టైరే ఉంటే 120నే చూడాలి. కానీ యాక్సిల్ తట్టుకునే బరువు టైరు మార్చితే పెరగదు!

ఇంకోటి: ఆ 1400 కిలోలు టైరు పక్కన రాసిన పూర్తి గాలి ఉంటేనే. మట్టి బాటకని గాలి తగ్గించి, అదే లోడుతో తారు రోడ్డెక్కితే పక్కగోడ నలిగి వేడెక్కుతుంది. మన ఎండాకాలంలో పేలడానికి అది చాలు.

265/65 ఆర్17 సైజు బదులు 265/70 ఆర్17 (వెడల్పు అదే, పక్కగోడ ఎత్తు వెడల్పులో 65కి బదులు 70 శాతం) వేస్తే టైరు మొత్తం ఎత్తు సుమారు 26 మిల్లీమీటర్లు పెరుగుతుందని పోయినసారి రాసింది మాత్రం సరైనదే.