మాత్ర సరే, పరీక్ష ఏదీ?

అండాశయ క్యాన్సర్‌కు కీమో అయ్యాక జబ్బు తిరగబెట్టకుండా వాడే మెయింటెనెన్స్ మాత్రల గురించి కొత్తగా పరిచయం అక్కర్లేదు. ఒలాపరిబ్, నిరాపరిబ్ పేర్లు ఆ జబ్బు చూసిన ఇళ్లలో అందరికీ తెలిసినవే. మాకు కోపం తెప్పించింది ఈ వారం ఒక పాఠకురాలు తెచ్చి చూపించిన తన ఫైలు. ఆపరేషన్ కాగితాలున్నాయి, ఆరు కీమోల బిల్లులున్నాయి, జబ్బు జాడ చూసే సీఏ-125 రక్తపరీక్ష రిపోర్టులు వరసగా పిన్ను కొట్టి ఉన్నాయి, చిట్టచివర నిరాపరిబ్ రాసిన చీటీ ఉంది. ఈ మాత్ర ఎవరికి బాగా పనిచేస్తుందో తేల్చే బీఆర్‌సీఏ జన్యువుల పరీక్ష రిపోర్టు మాత్రం లేదు. అడిగితే డాక్టర్లు 'తర్వాత చూద్దాంలే అమ్మా' అన్నారట.

తర్వాత ఏం చూస్తారు? బీఆర్‌సీఏ లోపం ఉన్నవాళ్ల మీద జరిగిన సోలో-1 ట్రయల్లో, రెండేళ్ల దాకా ఒలాపరిబ్ వాడినవాళ్లు ఏడేళ్ల తర్వాత 67 శాతం మంది బతికున్నారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 46.5 శాతమే. అదే, లోపం ఉన్నా లేకున్నా అందరినీ చేర్చుకున్న ప్రిమా ట్రయల్లో నిరాపరిబ్ జబ్బును కొన్నాళ్లు వెనక్కి నెట్టింది గానీ, 2024లో వచ్చిన తుది లెక్కల్లో ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. జబ్బు తిరగబెట్టినవాళ్లకిచ్చే నిరాపరిబ్ మెయింటెనెన్స్‌ను అమెరికా 2022లోనే పుట్టుకతో బీఆర్‌సీఏ లోపం ఉన్నవాళ్లకే పరిమితం చేసింది. పరీక్ష చేయకుండా మాత్ర రాస్తే, ఈమె ఏ లెక్కలోకి వస్తుందో రాసినవాళ్లకే తెలియదన్నమాట.

డోసు సంగతీ ఇంతే. 2017లో నిరాపరిబ్ వచ్చినప్పుడు అందరికీ రోజుకు 300 మిల్లీగ్రాములే. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని గమనించాకే, 77 కిలోల లోపు బరువున్నవాళ్లకు, ప్లేట్‌లెట్లు లక్షన్నర కన్నా తక్కువున్నవాళ్లకు 200తో మొదలుపెట్టాలన్నారు. మన ఆడవాళ్లలో 77 కిలోలు దాటేవాళ్లు ఎందరు? మొదటి నెల వారం వారం రక్తపరీక్ష చేయించమని ఈ ఫైలులో ఎక్కడా రాయలేదు.

రిపోర్టు రావడానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా ఆగలేం అంటారు డాక్టర్లు. నిజమే. కానీ మూడు వారాలకొకటి చొప్పున ఆరు కీమోలు పూర్తయ్యేసరికి నాలుగు నెలలు గడుస్తాయి, ఆపరేషన్లో తీసిన గడ్డ ముక్క మొదటి రోజు నుంచీ ల్యాబ్‌లోనే ఉంటుంది, అప్పుడే పంపితే ఎవరు వద్దన్నారు? నెల నెలా వేలు పోసి మాత్ర కొనిపించడానికి లేని మొహమాటం ఒక్కసారి చేసే పరీక్షకే వస్తుందా? పుట్టుకతో వచ్చిన లోపమైతే ఆమె కూతురికీ, చెల్లెలికీ కూడా తెలియాల్సిన విషయం కదా అది!

ఆరోగ్యశ్రీ అయినా ఆయుష్మాన్ అయినా ఈ మాత్రకు డబ్బు ఇచ్చే ముందు పరీక్ష రిపోర్టు అడగాలి, ఆ పరీక్ష ఖర్చూ తామే పెట్టుకోవాలి. ఇక చీటీ రాసే డాక్టర్లకు ఒక్క మాట: ఆ పాఠకురాలు నిన్న 46 కిలోల బరువుతో, మూడు వందల డోసుతో ఇంటికెళ్లింది, ముందు ఆమెను వెనక్కి పిలవండి.