పొదుపు సంగతి మమ్మల్ని అడగండి

ఇంగ్లండులో ఉంటున్న మా మేనల్లుడికి మొన్నామధ్య అక్కడి ఆరోగ్య శాఖ వాళ్ళ దగ్గర్నుంచి ఒక ఫారం వచ్చింది. వైద్య సేవల ఖర్చు తట్టుకోలేకపోతున్నాం, ఎక్కడెక్కడ తగ్గించుకోవచ్చో స్థానికులుగా మీ అభిప్రాయం చెప్పండి అని దాని సారాంశం. వాడు ఆ పేజీలన్నీ ఫొటోలు తీసి నాకు వాట్సాప్‌లో పెట్టి, "మామయ్యా, నువ్వు ఇలాంటివి బాగా రాస్తావుగా, కాస్త నింపి పెట్టు" అన్నాడు.

వేళాకోళానికే అన్నాడేమో. నేను మాత్రం బాధ్యతగా తీసుకున్నాను. బ్రాడీపేటలో మా వరండాలో కుర్చీ వేసుకుని రెండుసార్లు చదివాను. చదివాక నాకు కలిగింది జాలి. అంత పెద్ద దేశం, మన డబ్బుతోనే మన మీద కలెక్టర్లని పెట్టిన దేశం, పొదుపులో ఒకప్పుడు అంతటి ఘనత వహించిన దేశం, ఇవాళ జ్వరం బిళ్ళ ఎవరు కొనుక్కోవాలో తేల్చుకోలేక ఊరంతటినీ అడుగుతోంది. మా గుంటూరులో ఈ ముక్క ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఎవరి బిళ్ళ వాళ్ళు కొనుక్కుంటున్నారు.

ఇదేదో నేను కల్పించి చెబుతున్నది కాదు. 2017 చివర్లో వాళ్ళు దేశమంతటా ఇలాగే అభిప్రాయాలు అడిగి, 2018 మార్చిలో ఒక జాబితా విడుదల చేశారు. దగ్గు, జలుబు, అజీర్తి, చుండ్రు, తలలో పేలు, ప్రయాణంలో కడుపు తిప్పడం ఇలాంటివి 35 రకాలు. వీటికి డాక్టర్లు మామూలుగా ప్రభుత్వ ఖర్చు మీద మందు రాయొద్దు, జనం షాపులో కొనుక్కోవాలి అని. దీనివల్ల ఏడాదికి దాదాపు పది కోట్ల పౌండ్లు మిగులుతాయన్నారు. అంటే 2018 దాకా ఆ దేశంలో మనిషి తలలో పేలు పడితే డాక్టరు దగ్గరికెళ్ళి చీటీ రాయించుకునేవాడన్న మాట. మా చిన్నప్పుడు మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని, సన్నపళ్ళ దువ్వెన ఒక్కదానితో ఎంత ప్రభుత్వ ధనం ఆదా చేసిందో ఆవిడకే తెలియదు.

ఇంకో విచిత్రం ఉంది. గోధుమ పడని జబ్బు ఉన్నవాళ్ళకి అక్కడ చాలా చోట్ల రొట్టె కూడా డాక్టరు చీటీ మీదే ఇస్తారు. దాని మీదా అభిప్రాయాలు అడిగి, రొట్టె, రొట్టె పిండి ఉంచి, బిస్కెట్లు, కేకులు తీసేశారు. మన డాక్టర్లు కూడా తిండి రాస్తారు, కాదనను. "రెండ్రోజులు ఇడ్లీ తప్ప ఏమీ పెట్టకండి" అంటారు. ఆ ఇడ్లీ మనం ఏ సెంటర్లో కొనుక్కుంటామన్నది వాళ్ళ పరిధిలోకి రాదు.

సరే, సలహా ఇచ్చే అర్హత నాకేముందని అడుగుతారు. మా గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో పుట్టింది. వాళ్ళ సర్కారు వైద్య సేవ, ఎన్‌హెచ్‌ఎస్ అంటారు, అది పుట్టింది 1948 జూలైలో. రెండేళ్ళు పెద్దవాళ్ళం. పైగా ఇక్కడ సర్కారు సొమ్ముతో చదువుకుని సముద్రాలు దాటి వాళ్ళ ఆసుపత్రుల్లో చేరిన డాక్టర్లు తక్కువ మందేం కాదు. డాక్టర్ని తయారు చేసే ఖర్చు మనది, వైద్యం వాళ్ళది. ఇంతకన్నా గొప్ప పొదుపు వాళ్ళ ఫారంలో ఏ పేజీలోనూ లేదు. ఆ పెద్దరికంతో నింపడం మొదలుపెట్టాను.

ప్రతి ప్రశ్న కిందా అయిదు గడులున్నాయి. గట్టిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, ఎటూ చెప్పలేను, ఒప్పుకోను, గట్టిగా ఒప్పుకోను. మనకి అలవాటైన "మీ ఇష్టం సార్" అనే గడి లేదు. ఇదొక లోపం. అసలు అభిప్రాయ సేకరణ అనే మాటలోనే వాళ్ళకి తెలియని మర్మం ఉంది. మా వైపు ధాన్యం సేకరణ ఉంది, భూసేకరణ ఉంది, వాటి సరసనే అభిప్రాయ సేకరణ. ధాన్యం సేకరిస్తే ఎప్పటికో అప్పటికి ఖాతాలో డబ్బులు పడతాయి. భూమి సేకరిస్తే కనీసం కోర్టుకైనా వెళ్ళొచ్చు. అభిప్రాయం సేకరించాక గోడౌన్‌లో పడుతుంది. అందుకే మా వాళ్ళు అభిప్రాయం జోలికి పోకుండా, సోమవారం సోమవారం కలెక్టరేట్‌కి అర్జీ పట్టుకుని వెళతారు. ఆ కార్యక్రమాన్ని 2019లో స్పందన అన్నారు, 2024 నుంచి పీజీఆర్‌ఎస్ అంటున్నారు. అర్జీ మాత్రం అదే, అదే జిరాక్సు.

చిన్న జబ్బులకి డాక్టరు సమయం వృథా కాకుండా ఏం చేయాలన్నది ఒక ప్రశ్న. దీనికి నేను మా వీధి చివర మందుల షాపు పద్ధతి రాశాను. "నిన్నట్నుంచి ఒళ్ళు నొప్పులు, కాస్త దగ్గు" అంటాం. "పొడి దగ్గా, కఫమా?" అంటాడు కుర్రాడు. ఈ ఒక్క ప్రశ్నతో పరీక్షలు పూర్తి. తెల్లది ఒకటి, పసుపుది ఒకటి, గులాబీ రంగుది ఒకటి కత్తెరతో కత్తిరించి కాగితం కవరులో వేస్తాడు. బిళ్ళ పేరు, గడువు తేదీ కత్తిరించిన రెండో ముక్క మీద ఉండిపోతాయి. ఫీజు లేదు, ఫైలు లేదు. "రెండు పూటలకి చాలు" అంటే రెండు పూటలకే ఇస్తాడు. యాంటీబయాటిక్ అయిదు రోజులు వాడాలని పైచదువులు చదివిన వాళ్ళు అంటారు గానీ, ఒకటిన్నర రోజుకే జ్వరం తగ్గిపోతే మిగతా మూడున్నర రోజులూ పొదుపు కాదా? సూక్ష్మజీవులు దీన్నుంచి ఏం నేర్చుకుంటున్నాయన్నది మా బడ్జెట్‌లోకి రాదు.

దీనికి పై మెట్టు కొత్తపేట. గుంటూరు తెలిసిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఆ వీధుల్లో ఆసుపత్రి బోర్డు లేని గోడ వెతుక్కోవాలి. బెజవాడ వాళ్ళకి సూర్యారావుపేట ఎలాగో మాకిది అలాగ. అక్కడ ఫీజు ఒకసారి కడితే కొన్నాళ్ళు చెల్లుతుంది. ఆ గడువు లోపల మా ఇంట్లో ఒక చీటీ మీద ఎన్ని వైద్యాలు జరుగుతాయో ఆరోగ్య ఆర్థిక శాస్త్రవేత్తలు వచ్చి చూడాలి. మోకాలి నొప్పికి మా ఆవిడ వెళుతుంది, లేస్తూ లేస్తూ "ఎటూ వచ్చాం కదండీ, ఈయన బీపీ కూడా ఒకసారి" అంటుంది. నా చెయ్యి అప్పటికే బల్ల మీద ఉంటుంది.

సిబ్బంది ఖర్చు గురించిన పేజీ దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. నర్సులు చాలడం లేదు, జీతాలు భారమవుతున్నాయి, ఎలా? అని. ఎలాగా? బంధువులు లేరా మీకు?

మా మామగారిని ఒకసారి ఒక ఆసుపత్రిలో చేర్చాం. సర్కారుదా, ప్రైవేటుదా, ఏ ఊళ్ళోది అని అడక్కండి, ఈ విషయంలో తేడా లేదు. రోగి ఒకరు, మేం ఏడుగురం. స్ట్రెచర్ ముందు వైపు నేను, వెనక వైపు మా బావమరిది. దానికి నాలుగు చక్రాల్లో మూడే ఒక మాట మీద నడిచేవి, నాలుగోది ప్రతి మలుపులోనూ విడిగా అభిప్రాయం వెలిబుచ్చేది. సెలైన్ సీసాలో నీరు ఎంతవరకు దిగిందో కళ్ళప్పగించి చూసి, అయిపోతుందనగా నర్సమ్మని పిలుచుకు రావడం మా తోడల్లుడి డ్యూటీ. ఆయన బ్యాంకులో మేనేజరు. ఆ మూడు రోజులూ ఆయన నిఘాలో ఒక్క చుక్క వృథా పోలేదు. రక్త పరీక్ష సీసా పట్టుకుని లాబ్‌కి పరిగెత్తడం, రిపోర్టు తెచ్చి ఫైల్లో గుచ్చడం ఇంటర్ చదివే మా అబ్బాయికి. టిఫిన్ క్యారేజీ, ఫ్లాస్కు, దిండు గలీబులు, రాత్రి కాపలా ఆడవాళ్ళవి. ఏడో మనిషి మా పెదమామగారు. ఆయన పనేమీ చేయలేదు, ఎవరైనా పై అధికారి వస్తే చెప్పుకోవడానికి మాకు ఫలానా వాళ్ళు తెలుసని వసారాలో కూర్చుని ఉండేవారు. అది కూడా ఒక సేవే. ఇంగ్లండులో బంధువులు వేళ పట్టున పూలగుత్తి తెచ్చి, నవ్వి వెళ్ళిపోతారట. ఎంత శ్రమశక్తి వృథా!

వార్డు బాయ్ల జీతం విషయంలో కూడా మాది వికేంద్రీకరణ. మంచం మార్చినప్పుడు కొంత, లిఫ్ట్ ఎక్కించినప్పుడు కొంత, మగబిడ్డ పుడితే ఎక్కువ, ఆడపిల్ల అయితే కాస్త తక్కువ. "చాయ్ నీళ్ళకి" అనే ఈ పద్దుకి ఆడిట్ లేదు, బకాయిలు లేవు. ఏ ఆర్థిక శాఖ పద్దుల్లోనూ ఇంత సకాలంలో చెల్లింపు జరగడం నేను చూడలేదు.

చెల్లింపులంటే గుర్తొచ్చింది. మీ పథకాల పరిధి తగ్గించుకోవాలా అని అడిగారు. తగ్గించడం దేనికి? పెంచండి అని రాశాను. మాకు ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో మొదలైనప్పుడు కుటుంబానికి 2 లక్షల దాకా అన్నారు, 2023 డిసెంబరుకల్లా 25 లక్షలన్నారు. పరిమితి పెంచడానికి ఒక జీవో చాలు. ఆసుపత్రులకి బిల్లు కట్టడానికే డబ్బు కావాలి, కాబట్టి అక్కడ నిదానించాలి. 2025 అక్టోబరులో బకాయిలు తీర్చలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆ సేవలు ఆపేశాయి. ఆపిన రోజుల్లో కొత్త బిల్లులు పుట్టవన్న సంగతి ఇంగ్లండు వాళ్ళు గమనించాలి. అన్నట్టు ఈ పథకం పేరు ప్రభుత్వాన్ని బట్టి కొన్నాళ్ళు ఆరోగ్యశ్రీ, కొన్నాళ్ళు వైద్య సేవ. జనం పేర్ల మీద కూడా పొదుపు చేసి, మొదట్నుంచీ ఆరోగ్యశ్రీ అనే అంటున్నారు.

పేర్లంటే ఇంగ్లండు వాళ్ళూ తక్కువేం తినలేదు. మా మేనల్లుడి ఊళ్ళో సర్కారు వైద్యం డబ్బులు చూసే సంస్థకి 2013 దాకా ఒక పేరు, అప్పట్నుంచి ఇంకో పేరు, 2022 నుంచి మరో పేరు. ప్రతిసారీ పొదుపు కోసమే మార్చామన్నారు. మాకు విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది, 1986లో పెట్టింది. 1998లో దానికి ఎన్టీఆర్ పేరు పెట్టారు, 2022లో వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరు వచ్చింది. ఇద్దరూ మహానుభావులే, నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. నా ఆలోచనంతా బోర్డు ఖర్చు గురించే. కిరాణా కొట్టు తలుపుకి వేలాడే పలక చూశారుగా, ఇటు తిప్పితే తెరిచి ఉంది, అటు తిప్పితే మూసి ఉంది. అలా రెండు వైపులా రాయించి గొలుసుకి వేలాడదీస్తే, ఎన్నికల ఫలితాల సాయంత్రం వాచ్‌మన్ ఒక్కడే తిప్పేస్తాడు. ఈ సలహా ఇంగ్లండుకి కూడా పనికొస్తుంది, కాకపోతే వాళ్ళకి మూడు వైపులున్న పలక కావాలి.

వాళ్ళకి ఇంకో జబ్బుంది, సున్నితత్వం. 1951లో కట్టుడు పళ్ళకీ, కళ్ళజోళ్ళకీ జనం దగ్గర కొంత డబ్బు తీసుకుందామని ప్రభుత్వం అనగానే, ఎన్‌హెచ్‌ఎస్‌ని నిలబెట్టిన అనురిన్ బెవన్ మంత్రి పదవికి రాజీనామా చేశాడు. కళ్ళజోడు కోసం! ఇప్పుడు చూడండి, మా మేనల్లుడు పళ్ళ పని ఏదున్నా డిసెంబరు సెలవుల దాకా అట్టిపెట్టుకుని గుంటూరొచ్చి చేయించుకు వెళతాడు. రూట్ కెనాల్ ఇక్కడ, నమలడం అక్కడ.

లెక్కలు అడిగిన చోట మా దేశం లెక్కలే రాశాను. వైద్యం మీద అయ్యే మొత్తం ఖర్చులో జనం సొంత జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 2021-22కి అది 39.4కి పడిపోయింది. ఇలా పడిపోవడం పొదుపు మీద నమ్మకమున్న నాలాంటి వాడికి కొంచెం కలవరంగానే ఉంది. ప్రభుత్వ ఖర్చు దేశ స్థూల ఉత్పత్తిలో 2025కల్లా 2.5 శాతానికి తీసుకెళతామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. 2021-22లో 1.84 దగ్గర ఉంది. పెట్టిన ఖర్చులోంచి మిగల్చడం ఎవరైనా చేస్తారు. పెడతామన్న ఖర్చులోంచి మిగల్చడానికి సాధన కావాలి.

జబ్బులు రాకుండా ముందు జాగ్రత్త మీద పెట్టే ఖర్చు తగ్గించవచ్చా అని చివర్లో ఒక ప్రశ్న ఉంది. దానికేదో చమత్కారంగా రాద్దామని పెన్ను పెట్టాను. 2018 మార్చిలో మా ఊళ్ళో కొన్ని పేటల్లో కుళాయి నీళ్ళు కలుషితమై, వాంతులు, విరేచనాలతో మనుషులు చనిపోయారు. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఫారం పంపించి పది రోజులైంది. మొన్న ఆదివారం మేనల్లుడు ఫోన్ చేశాడు. నా సలహాలకి అక్కడేమన్నా స్పందన వచ్చిందేమో అనుకున్నాను. వాడి గొంతు బొంగురుగా ఉంది. "మామయ్యా, గొంతు పట్టేసింది. డాక్టరు అపాయింట్‌మెంట్ మూడు వారాల దాకా లేదంటున్నారు. ఎల్లుండి మా ఫ్రెండొకడు గుంటూరు నుంచి బయల్దేరుతున్నాడు, మన వీధి చివర షాపులో అడిగి..." అన్నాడు.

షాపుకి వెళ్ళాను. మనిషికి గొంతు నొప్పి, జ్వరం లేదు, ఉండేది ఇంగ్లండులో అని చెప్పాను. కుర్రాడు తలెత్తకుండానే అరలోంచి డబ్బా తీశాడు.

"ఎన్ని పూటలకి బాబాయ్?"

"అక్కడ చలెక్కువ. అయిదు రోజులకి ఇవ్వు" అన్నాను.

కత్తిరించి కవరులో వేసి, దాని మీద పెన్నుతో రెండు గీతలు గీసి నా చేతికిచ్చాడు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. వాళ్ళ టైము ప్రకారం వేసుకోమను."